మందు మానేశాక మీ మాట మీద మీకు నమ్మకం రావాలంటే ఏం చేయాలి

"అన్నా, మానేసి ఐదు నెలలైంది. ఇంట్లోవాళ్లు నమ్మట్లేదంటే సరే, వాళ్ల బాధ వాళ్లది. నా మాట నేనే నమ్మలేకపోతున్నా."

ఈ మాట నాకు వారానికి ఒకరైనా చెప్తారు. విజయవాడ ఆటోనగర్‌లో మా స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ మీద మోచేతులు ఆనించి చెప్పేవాళ్లున్నారు. గుంటూరు నుంచి ఫోన్ చేసి, భార్య వినకుండా డాబా ఎక్కి చెప్పేవాళ్లూ ఉన్నారు. విడివిడిగా చెప్పీ చెప్పీ అలిసిపోయి ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఏడేళ్ల కిందట మానేసినవాణ్ని, మధ్యలో ఒకసారి జారినవాణ్ని కూడా.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని ఒకరికొకరు సాయపడే గుంపు. ఆ మీటింగులకి వెళ్లేవాళ్లు వెంటనే ఒకటి అడుగుతారు. "మందు ముందు నా శక్తి చాలదని ఏఏ పన్నెండు మెట్లలో మొదటి మెట్టులోనే ఒప్పుకున్నాం కదా, మళ్లీ నన్ను నేను నమ్మడం ఏంటి?" 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరినొకరు పట్టుకుని నిలబడటంతో మొదలైంది ఆ పద్ధతి. నాకూ మొదటి ఏడాది ఆ ప్లాస్టిక్ కుర్చీలే దిక్కయ్యాయి. మీకు పడితే మానకండి. కానీ ఆ మాట మందు వరకే. మనలో చాలామంది దాన్ని కరెంటు బిల్లు దాకా, పిల్లల ఫీజు దాకా లాగి, "నా వల్ల ఏదీ కాదు" అని కూర్చుంటారు. కింద రాసింది ఆ మిగతా వాటి కోసం. మీటింగుల పక్కనే చేసుకోవచ్చు. ఏఏలో వచ్చే దేవుడి ఊసు పడనివాళ్లకి 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ లాంటి పద్ధతులున్నాయి, దాంతోపాటూ చేసుకోవచ్చు.

ముందు ఒంటి సంగతి

ఇది మానేసినవాళ్ల కోసం. ఇంకా రోజూ తాగుతూ, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే, ఇది చదివి "రేపట్నుంచి బంద్" అనకండి. బాగా తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదకి రావచ్చు. డాక్టరు చూస్తుండగా మందులతో ఆపాలి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446కి ఫోన్ చేయండి, మత్తు మాన్పించడం కోసం పెట్టిన నంబరు అది. మనసు బాగోక, చావు ఆలోచనలు వస్తుంటే 14416, టెలిమానస్. రాత్రీ పగలూ తీస్తారు, తెలుగులో మాట్లాడతారు.

కరెంటు స్తంభాల మీద "తాగేవారికి తెలియకుండా మాన్పిస్తాం" అని బోర్డులుంటాయి చూశారా, వాటి జోలికి పోవద్దని ఇంట్లోవాళ్లకి చెప్పండి. డైసల్ఫిరామ్ అని, తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర ఒకటుంది. అలాంటిది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి గుండె మీదకి రావచ్చు. మాత్ర ఆపిన రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. అది తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చేతి మీదుగా వేసుకోవాల్సిన మందు. సాంబారులో కలిపే వస్తువు కాదు.

కావలసినవి

ఒక వంద పేజీల నోటు పుస్తకం, పెన్ను. ఫోన్లో యాప్ వద్దు, ఫోన్ తీస్తే ఇంకెక్కడికో పోతాం.

గోడకి గళ్ల తెలుగు క్యాలెండరు.

ఒక సాక్షి. భార్య కాకూడదు, అమ్మ కాకూడదు. వాళ్లు ఇప్పటికే చాలా మోశారు, పైగా వాళ్లకి అబద్ధం చెప్పడం మనకి అలవాటైపోయింది. తాగని బావమరిది, మీటింగులో పరిచయమైన మనిషి, రిటైరైన మాస్టారు, ఎవరైనా సరే. వారానికి పది నిమిషాలు ఇస్తే చాలు. ఆడవాళ్లకి ఈ మనిషి దొరకడం కష్టం, ఎందుకంటే తాగుతానని చెప్పుకోవడమే కష్టం. అలాంటప్పుడు ఆసుపత్రిలో కౌన్సెలర్‌నే సాక్షిగా పెట్టుకోండి.

చదువు రానివాళ్లకి పుస్తకం బదులు రెండు డబ్బాలు, గుప్పెడు చింతపిక్కలు. మాట నిలబడితే ఎడమ డబ్బాలో పిక్క, తప్పితే కుడి డబ్బాలో. మిర్చి యార్డులో పనిచేసే ఒకాయన ఇలాగే చేశాడు. నా పుస్తకం కన్నా ఆయన డబ్బాలే నిజం చెప్పాయేమో అనిపిస్తుంది, పిక్క దగ్గర సాకులు రాసే చోటుండదు మరి.

1. ఒట్లు ఆపేయండి

పిల్లాడి తల మీద, దుర్గమ్మ మెట్ల మీద, అమ్మ కాళ్ల మీద, చచ్చిపోయిన నాన్న ఫొటో మీద ఎన్ని ఒట్లేశారో ఒకసారి లెక్కపెట్టండి. నాకు గుర్తున్నవి పదకొండు. ఒట్టు ఎంత పెద్దదైతే తప్పినప్పుడు లోపల అంత గట్టిగా తగులుతుంది. ఇప్పుడు "నేను చెప్తా గానీ చెయ్యను" అని లోపల గొణిగేది ఆ దెబ్బలే.

ఇక మీదట ఎవరు ఒట్టెయ్యమన్నా ఇలా చెప్పండి: "ఒట్టు వెయ్యనమ్మా. ఈ రోజు తాగలేదు. అంతవరకే చెప్పగలను." అమ్మ ఏడుస్తుంది. అయినా వెయ్యకండి.

మాల సంగతి విడిగా చెప్పాలి. నేను నాలుగుసార్లు అయ్యప్ప మాల వేశాను. నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, చుక్క ముట్టలేదు. నాలుగుసార్లూ మాల తీసిన రాత్రే సిట్టింగ్ వేశాను. భవానీ మాల వేసేవాళ్లలోనూ ఇలాంటివాళ్లు నాకు బాగా తెలుసు. ఇరుముడి సమర్పించి ఇంద్రకీలాద్రి దిగడమే ఆలస్యం. ఒంటికి చేతనవుతుందని మాల చూపిస్తుంది, ఆ మాట నిజమే. కానీ ఆ నలభై ఒక్క రోజులూ నిలబెట్టింది స్వామి అనుకున్నాను గానీ నేను అనుకోలేదు. మాల తీయగానే నిలబెట్టేవాడు లేడు. మీరు వేసేటట్టయితే, తీసిన తర్వాత ఏడు సాయంత్రాలు ఎక్కడ, ఎవరితో ఉంటారో వేసుకోకముందే రాసి సాక్షికి ఇవ్వండి. దీక్ష నియమాల్లో లేని మాట ఒకటి, మీ సొంతది, ఆ రోజుల్లోనే మొదలుపెట్టండి.

2. రోజుకి మూడు చిన్న మాటలు

రాత్రి పడుకునే ముందు రేపటికి మూడు మాటలు రాయండి. పది నిమిషాల్లో అయిపోవాలి. ఇంకొకరి సాయం అక్కర్లేకుండా జరగాలి. రాత్రి చూసుకుంటే అయిందో లేదో రెండో మాట లేకుండా తేలాలి.

"రోజూ వ్యాయామం చేస్తా", "కోపం తెచ్చుకోను", "పిల్లలతో బాగుంటా" పనికిరావు. "ఆరున్నరకి లేచి మోటార్ వేస్తా", "టిఫిన్ తిన్న ప్లేటు నేనే కడుగుతా", "షట్టర్ దించేముందు రేపటి ఆర్డరు చిట్టీ రాస్తా" పనికొస్తాయి.

"తాగను" అన్నది ఈ మూడింట్లో రాయొద్దు. దాని లెక్క క్యాలెండర్ గడిలో విడిగా ఉంటుంది. ఈ మూడూ మందుతో సంబంధం లేనివే కావాలి. ఎందుకంటే మన మాట పోయింది మందు దగ్గర ఒక్కచోటే కాదు. "సాయంత్రం పాలు తెస్తా" అన్న దగ్గర పోయింది, "ఆదివారం గ్యాస్ బుక్ చేస్తా" అన్న దగ్గర పోయింది. పోయిన చోటే వెతుక్కోవాలి.

మొదటివారం అందరూ ఏడెనిమిది రాస్తారు, కొత్త ఉత్సాహం. మూడే రాయండి. నాలుగోది రాయాలనిపిస్తే చేసేయండి, పుస్తకంలో మాత్రం ఎక్కించకండి.

కష్టమొచ్చిన రోజున మూడుని ఒకటి చేసుకోవచ్చు, సున్నా చేయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్‌ని ముంచినప్పుడు మేం పై అంతస్తులో ఉండిపోయాం. ఆ రోజుల్లో నా పుస్తకంలో రోజుకి ఒకటే మాట ఉంది: "పక్కింటి మామ్మగారికి మంచినీళ్ల సీసా అందిస్తా." అన్ని రోజులకీ ఎదురుగా "అవును" ఉంది. పేజీలు ఉబ్బిపోయాయి గానీ అక్షరాలు చదవొస్తాయి.

3. రాత్రి లెక్క

పేజీని మూడుగా గీయండి. అన్నది, చేసింది, చెయ్యకపోతే ఎందుకు. చివరి గడిలో ఒక్క లైనే. "మర్చిపోయా" అని రాస్తే చాలు, "పనికిమాలినవాణ్ని" అని రాయొద్దు. మనల్ని మనం తిట్టుకోవడం పశ్చాత్తాపంలా కనిపిస్తుంది కానీ నా అనుభవంలో అది తాగడానికి వేసుకునే మంచింగ్.

"దాదాపు చేశా" అన్న మాట లేదు. ఆరున్నరకి లేస్తానని ఏడింటికి లేస్తే "లేదు". అవసరమైతే రేపటి మాట ఏడింటికి మార్చుకోండి. మాట తగ్గించుకోవడం తప్పు కాదు, కానీ ముందు రోజు రాత్రే తగ్గించుకోవాలి, తెల్లారాక కాదు.

వారానికి ఒకసారి పుస్తకం సాక్షికి చూపించండి. ఆయన చేయాల్సింది చదవడమే. శభాష్ అనకూడదు, క్లాస్ పీకకూడదు. ఇది ముందే చెప్పి పెట్టండి, లేకపోతే మనవాళ్లు ఉపన్యాసం మొదలుపెడతారు.

4. ఆరు నుంచి తొమ్మిది దాకా

సాయంత్రం ఏం చేయాలో సాయంత్రం ఆలోచిస్తే ఓడిపోతాం. "ఇలా జరిగితే అలా చేస్తా" అని పొద్దున్నే రాసిపెట్టుకోవాలి. నావి కొన్ని:

ఏడింటికి పాత బ్యాచ్ ఫోన్ చేస్తే ఎత్తను. ఎనిమిదిన్నరకి ఇంటి నుంచి నేనే చేస్తా.

షాపు కట్టాక బెంజి సర్కిల్ వైపు తిరగను, రామవరప్పాడు రింగు మీదుగా పోతా.

పెళ్లిలో ఎవరైనా గ్లాసు చేతిలో పెడితే "మాత్రలు వాడుతున్నా బావా" అంటా. ఇంకోసారి అడిగితే భోజనాల బంతిలోకి పోతా.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక తమ్ముడికి ఇది తేలికైంది. అక్కడ లైన్లన్నీ అంకెలే కాబట్టి, ఏ లైన్లోకి తిరగకూడదో అంకె రాసుకున్నాడు, అంతే.

అయినా నాలుక పీకుతుంది. చాలామందికి ఆ పీకుడు ఇరవై ముప్పై నిమిషాల్లో పెరిగి తగ్గుతుంది. దాంతో కుస్తీ పట్టొద్దు, వాచీ చూసి టైము రాయండి, ఏమైనా తినండి, నడవండి, తగ్గాక మళ్లీ టైము రాయండి. ఆకలి, నిద్రలేమి ఉన్న రోజున ఎక్కువసేపు ఉంటుంది. నాకు ఆరింటికి రెండు ఇడ్లీలు పడితే సగం బాధ తప్పేది. సిగ్గుగా ఉంటుంది చెప్పడానికి, అంత పెద్ద యుద్ధం అనుకున్నది ఇడ్లీతో తగ్గడం.

5. "దారిలో ఉన్నా"

బార్‌లో కూర్చుని మనం ఎక్కువసార్లు చెప్పిన అబద్ధం ఇదే. కాబట్టి ఇక్కడి నుంచి బాగు చేయండి. బండి స్టార్ట్ చేయకుండా ఆ రెండు ముక్కలు నోట రాకూడదు. "ఇంకా షాపులోనే ఉన్నా, బయల్దేరడానికి పావుగంట పడుతుంది" అనండి.

ఎనిమిదింటికి వస్తానని చెప్పి ఆలస్యమయ్యేలా ఉంటే ఏడున్నరకే ఫోన్ చేయండి. ఎనిమిదీ పదికి చేస్తే అది సంజాయిషీ అవుతుంది.

ఇంటికి రాగానే ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూస్తుంది. కోపం వస్తుంది, నాకూ వచ్చేది. మూడో నెలలో ఒకరోజు మా ఇంట్లో జరిగింది ఇది.

"ఏంటి, ఇంకా అనుమానమేనా నీకు?"

"అనుమానం కాదండీ, భయం. మీరు గేటు తీసిన చప్పుడుకి నా కడుపులో ఇప్పటికీ తిప్పుతుంది."

ఆ తర్వాత నేనే ముందుకెళ్లి ఊదేవాణ్ని. ఊదమంటే ఊదండి. "నన్ను నమ్మవా" అని మాత్రం అడగకండి. కనీసం మూడు నెలలు ఆ మాట ఇంట్లో వినపడకూడదు. వాళ్లెప్పుడు నమ్మాలో వాళ్లిష్టం, దాని గడువు మన పుస్తకంలో లేదు.

6. డబ్బు

2024 అక్టోబరు 16 నుంచి మన ఆంధ్రలో మళ్లీ ప్రైవేటు మందు షాపులొచ్చాయి. 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు, పొద్దున పదింటి నుంచి రాత్రి పదింటి దాకా తెరిచి ఉంటున్నాయి. అంటే జేబులో వంద నోటు ఉంటే చాలు.

ఇంట్లోవాళ్లు కార్డు లాక్కుంటే తాగడం కొన్నాళ్లు ఆగుతుంది, మీ మీద మీకు నమ్మకం మాత్రం రాదు. డబ్బు వచ్చిన రోజే, వచ్చిన గంటలోపే, మీరే పంపించండి. జీతమైతే ఫోన్‌పేలో ఇంటికి, రోజు కూలైతే యార్డు గేటు దగ్గరే సగం. ఛార్జీలకి, టీకి ఎంత కావాలో ముందే రాసుకుని అంతే ఉంచుకోండి. సామాను తెస్తే అడగకముందే చిల్లరా బిల్లూ బల్ల మీద పెట్టండి. పది రూపాయలు తేడా వస్తే అదీ చెప్పండి. నా పుస్తకంలో నేను గర్వపడే లైను ఒకటుంది: "అరటిపళ్లు 60 అన్నా, నిజానికి 50. తిరిగి చెప్పా." ఎవరూ పట్టుకోలేని అబద్ధం అది.

ఆన్‌లైన్ రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ నుంచి బయటపడ్డవాళ్లు ఈ ఆరో అడుగునే మొదటిదిగా చేయాలి. అప్పుల పూర్తి జాబితా సాక్షికి చూపించాకే మిగతావి. సగం జాబితా చూపిస్తే మొదలుపెట్టనట్టే.

7. జారితే

నేను మూడో ఏడు జారాను. మేనమామ దినకర్మ నాడు, రెండు పెగ్గులు. అసలు నష్టం ఆ రెండింటితో జరగలేదు. "ఎలాగూ పోయింది కదా" అనుకుని తర్వాత తొమ్మిది రోజులు తాగాను, అక్కడ జరిగింది. జారడం వేరు, పూర్తిగా పడిపోవడం వేరని అమెరికా సైకాలజిస్టు అలన్ మార్లట్ 1980ల్లోనే విడదీసి చెప్పారు. రెండింటినీ కలిపేది ఆ "ఎలాగూ" అన్న ముక్కే.

అదే రాత్రి చేయాల్సింది: సీసాలో మిగిలింది పారబోయండి, దాచొద్దు. పడుకునేలోపు ఒక మనిషికి చెప్పండి, మెసేజ్ అయినా సరే. బండి నడపొద్దు. తెల్లారి పుస్తకంలో నాలుగు లైన్లు రాయండి. ఎక్కడ, ఎవరితో, ఎంత, దానికి ముందు మూడు గంటలు ఏం జరిగింది. ఆ రోజుకీ మూడు మాటలు మామూలుగానే ఉంటాయి, మోటార్ వేయాల్సిందే. రోజులు వరసగా తాగేసి ఉంటే ఆపేముందు డాక్టరుకి ఫోన్ చేయండి, మొదట చెప్పిన ఫిట్స్ ప్రమాదం మళ్లీ ఉంటుంది.

నొప్పి ఇంజెక్షన్లు, మత్తు మాత్రల అలవాటున్నవాళ్లకి ఇంకో హెచ్చరిక. కొన్నాళ్లు మానేశాక ఒళ్లు పాత డోసు తట్టుకోలేదు, ఊపిరి ఆగిపోవచ్చు. జారితే ఒంటరిగా ఉండొద్దు.

రోజుల లెక్క సున్నా నుంచి మొదలవ్వాలా అని అడుగుతారు. ఏఏ పద్ధతిలో అవుతుంది. నేను రెండు లెక్కలు పెట్టుకున్నాను. ఒకటి వరస రోజులు, అది సున్నా అయింది. రెండోది మొత్తం తాగని రోజులు, అది అప్పటికి ఎనిమిది వందలు దాటింది. ఆ అంకె ఎక్కడికీ పోలేదు.

నెలకోసారి చూసుకోండి

నెలలో తొంభై మాటలు రాసి ఉంటారు. అరవై లోపే నిలబడ్డాయంటే మీరు పెద్ద మాటలు రాస్తున్నారు, తగ్గించండి. తొంభైకి తొంభై వచ్చాయంటే నాకు అనుమానం, రాత్రి కాకుండా వారానికోసారి కూర్చుని నింపుతున్నారేమో. ఇంకు రంగు చూస్తే సాక్షికి తెలిసిపోతుంది.

ధైర్యంగా అనిపిస్తోందా లేదా అన్నది చూడకండి, అది వాతావరణం లాంటిది. వీటిని చూడండి. ఎవరైనా ఏదైనా అడిగితే "చూసి చెప్తా" అని ఆగగలుగుతున్నారా, లేక పాతలా "చేసేస్తా" అని నోరు జారుతోందా? ఈ నెల ఒక్కసారైనా "నా వల్ల కాదు, వేరేవాళ్లని అడుగు" అన్నారా? చెయ్యలేని పని నెత్తిన వేసుకోకపోవడం కూడా మాట నిలబెట్టుకోవడమే. ఇంట్లో ఎవరైనా మీకు చిన్న పని అప్పజెప్పి, అయిందా అని మళ్లీ ఫోన్ చేయకుండా ఊరుకున్నారా? ఆ రోజు తేదీ క్యాలెండర్ మీద గుండ్రంగా చుట్టండి. నాకు అది పద్నాలుగో నెలలో వచ్చింది, గ్యాస్ సిలిండర్ దగ్గర.

ఎక్కువమంది చేసే తప్పులు

బార్‌లో కూల్‌డ్రింక్ తాగుతూ కూర్చుని "చూశారా, నేను తట్టుకోగలను" అని పరీక్ష పెట్టుకోవడం. నా ఎరుకలో ఇలా పరీక్ష రాసినవాళ్లు ఏడుగురు, పాసైనవాడు ఒకడు. వాడూ రెండోసారి రాశాడు.

మానేసిన రెండో నెలకే ఊరందరికీ సలహాలివ్వడం. పుస్తకం భార్య చేతికిచ్చి "నువ్వే చూసుకో" అనడం. పాత బాకీలన్నీ ఒకే వారంలో తీరుస్తానని మాటివ్వడం. నిద్రమాత్రలు సొంతంగా కొనుక్కుని మందు స్థానంలో పెట్టుకోవడం, ఇది అన్నిట్లోకీ ప్రమాదం.

పుస్తకం ఎప్పుడు ఆపేయొచ్చు?

కనీసం ఒక ఏడాది రోజూ. ఆ తర్వాత, నెలకి డెబ్బై అయిదుకి తగ్గకుండా ఆరు నెలలు వస్తే, వారానికోసారికి మారొచ్చు. నేను ఇప్పుడు ఆదివారాలే రాస్తున్నాను. డిసెంబరు 25 నుంచి కనుమ దాకా మాత్రం మళ్లీ రోజూ రాస్తాను. మా ఊళ్లో కోడిపందేల బరులు కడతారు, బావలందరూ దిగుతారు.